స్కేటింగ్ మారథాన్‌కు ముందు ఒక్కసారి రోడ్డు మీదికి దిగి చూడండి: గోదావరి డెల్టా నుంచి బహిరంగ లేఖ

రోడ్డు రేసులకు అనుమతులిచ్చే అధికారులకు, రేసు నిర్వాహకులకు, రూటు వెంబడి ఉన్న గ్రామాల పెద్దలకు,

నమస్కారం.

మేము గోదావరి డెల్టాలో ఇన్‌లైన్ స్కేటింగ్ (ఒకే వరసలో చక్రాలున్న బూట్లతో చేసేది) నేర్పేవాళ్లం, చేసేవాళ్లం, పిల్లల స్కేట్ల సంచులు మోసే తల్లిదండ్రులం. మన కాలవగట్ల మీద 42 కిలోమీటర్ల స్కేటింగ్ మారథాన్ పెట్టాలన్న ఆలోచన చాలా మంచిది. ఎక్కుడూ దిగుడూ లేని ఇంత చదును నేల అందరికీ దొరకదు. కానీ రూటు గురించి, వేళ గురించి, రోడ్డు ఊడ్చడం గురించి మేము రాసిచ్చిన వినతులకు ఇంతవరకూ జవాబు రాలేదు. అడిగినప్పుడల్లా "చూస్తాం" అన్నారు. పిల్లలు రోడ్డెక్కే రోజు దగ్గరపడ్డాక చూడటానికి టైముండదు. అందుకే ఆ విషయాలన్నీ ఇప్పుడు అందరి ముందూ పెడుతున్నాం.

ఇది చిన్నపిల్లల సరదా ఆట అనుకునే రోజులు పోయాయి. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మన దేశానికి 3000 మీటర్ల రిలేలో పురుషుల జట్టు ఒక కాంస్యం, మహిళల జట్టు ఒక కాంస్యం తెచ్చాయి. 2025 సెప్టెంబరులో చైనాలోని బెయ్‌దాయ్‌హెలో జరిగిన ప్రపంచ స్పీడ్ స్కేటింగ్ చాంపియన్‌షిప్‌లో తమిళనాడు కుర్రాడు ఆనంద్‌కుమార్ వేల్‌కుమార్ 1000 మీటర్లలోనూ, 42 కిలోమీటర్ల మారథాన్‌లోనూ స్వర్ణాలు గెలిచాడు. బెర్లిన్‌లో ఏటా పరుగు మారథాన్‌కు ముందురోజు స్కేటింగ్ మారథాన్ జరుగుతుంది. అక్కడ ముందుండేవాళ్లు 42.195 కిలోమీటర్లను గంటలోపే ముగిస్తారు. అది సైకిల్ రేసు వేగం. సైకిలుకు బ్రేకులుంటాయి, వీళ్ల కాళ్లకు అవి ఉండవు.

మా మొర మొత్తానికి మూలం ఒక్కటే. రూటును కారులో కూర్చుని ఖరారు చేస్తున్నారు. కారుకు మెత్తగా తోచిన రోడ్డు స్కేటర్‌ను పడేస్తుంది. ఎందుకో తెలియాలంటే ముందు స్కేటు ఎలా ఉంటుందో చూడాలి.

స్పీడ్ స్కేటు కింద ఒకే వరసలో 110 మి.మీ. చక్రాలు నాలుగో, 125 మి.మీ. చక్రాలు మూడో ఉంటాయి. చక్రం వెడల్పు 24 మి.మీ. నేలకు ఆనే అంచు అందులో కొంచెమే. గాలి ట్యూబు లేదు, స్ప్రింగు లేదు, పాలీయురెథేన్ అనే గట్టి ప్లాస్టిక్ ముద్ద అంతే. రోడ్డు మీద ఉన్న గరుకంతా నేరుగా పాదంలోకి, మోకాలిలోకి వస్తుంది. రేసు స్కేట్లకు మడమ బ్రేకు ఉండదు. ఆగాలంటే ఒక కాలు వెనక అడ్డంగా ఈడ్చాలి, లేదా రెండు కాళ్లూ ఎడం చేసి మడమలు బయటికి నొక్కాలి. గంటకు 30 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 8 మీటర్లకు పైనే. ఎదురుగా గేదె వచ్చిందని గమనించి కాలు అడ్డం పెట్టేలోపే ఒక ఇంటి వాకిలంత దూరం దాటిపోతారు. పైగా దూరపు రేసులో ఎవరూ ఒంటరిగా పోరు. ముందువాడు గాలిని చీలుస్తుంటే వెనకవాళ్లు అతని నడుముకు చెయ్యి అందేంత దగ్గరగా, వరసగా పోతారు. అలా పోతే వెనకున్నవాళ్లకు బలం చాలా మిగులుతుంది. అదే వరసలో ముందువాడు పడితే వెనక పదిమందీ అతని మీదే పడతారు.

ఇక అంశాల వారీగా చెబుతాం.

1. పగుళ్లు. డెల్టా నేల చాలాచోట్ల నల్లరేగడి. నీరు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. కాలవ నిండుగా పారినన్నాళ్లూ గట్టు తడిసి బరువుగా ఉంటుంది. వేసవిలో కాలవలు కట్టేసి నీరు దిగిపోగానే గట్టుకు పక్కనుంచి ఆనిన నీటి ఒత్తిడి పోతుంది, మట్టి ముడుచుకుంటుంది, కాలవ వైపు అంచు కాస్త కిందికి జరుగుతుంది. అప్పుడు తారు మీద పొడుగ్గా, రోడ్డు పోయే వైపే పగులు పడుతుంది. అడ్డంగా ఉన్న పగులును చక్రం చిన్న కుదుపుతో దాటేస్తుంది. పొడుగు పగులుతోనే గొడవంతా. స్కేటర్ ప్రతి అడుగులోనూ కాలిని పక్కకే తొయ్యాలి. చక్రం పగులులోకి దిగాక కాలు పక్కకు రాదు, ఒళ్లు మాత్రం పోతూనే ఉంటుంది. చీలమండ మెలిపడేది, మణికట్టు విరిగేది ఇలాంటి చోటే.

కొలత తేలిక. చిటికెనవేలు దూరే పొడుగు పగులు ఏదున్నా పూడ్చాలి. తారు ఎమల్షన్‌లో రాతిపొడి కలిపి, రోడ్డుతో సమంగా వచ్చేలా నొక్కాలి. పైకి ఉబ్బి గట్టులా మిగిలితే పగులు పూడ్చినా పూడ్చకున్నా ఒకటే. రేసుకు కనీసం మూడు వారాల ముందు ఈ పని పూర్తి కావాలి. హడావిడిగా ముందురోజు ప్యాచ్ వేసి పైన ఇసుక చల్లి వదిలేస్తే, పగులు కంటే ఆ ఇసుకే ఎక్కువమందిని పడేస్తుంది. కంకర తేలిన రోడ్డు మీద ఇంకో బాధ ఉంది. వెంటనే పడిపోరు గానీ, పది కిలోమీటర్లకే అరికాళ్లు తిమ్మిరెక్కి, రోడ్డు మీద పట్టు తెలియకుండా పోతుంది. అలసట వల్ల పడ్డారని మనం అనుకునే చాలామంది పడేది ఈ అదురు వల్లే. అందుకే కంకర తేలిన చోట్ల మొత్తం పొడవు రూటులో పదోవంతు దాటకూడదని కోరుతున్నాం.

2. వడ్లు, గడ్డి, పీచు, బురద. సార్వా (ఖరీఫ్) కోతలప్పుడు నవంబరు, డిసెంబరుల్లో, మళ్లీ దాళ్వా (రబీ) కోతలప్పుడు ఏప్రిల్ నుంచి రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు. రైతును రోడ్డు మీంచి లేపమని మేము అడగడం లేదు, అడగం. ధాన్యంలో తేమ 17 శాతం దాటితే అమ్ముకోవడం కష్టం. కళ్లం లేని రైతుకు ఎండ తగిలే చోటు రోడ్డొక్కటే. రాత్రికి బరకాలు కప్పి, ఎగరకుండా చుట్టూ రాళ్లు పెడతారు. ఆ రాళ్లు పొద్దుటికి కొన్ని రోడ్డు మీదే ఉండిపోతాయి.

వడ్లగింజ ఏం చేస్తుందిలే అనుకుంటారు. నేల మీద పిడికెడు గింజలు చల్లి చెప్పు వేసుకుని అడుగు వేసి చూడండి. గింజ నడుము గుండ్రం, కొసలు సన్నం, పొట్టు గరుకు. కాలు పక్కకు తోసినప్పుడు చక్రం కింద గింజ దొర్లుతుంది, చక్రం నేలను పట్టదు, తోపు గాల్లోకి పోయినట్టు పోతుంది. ఎండుగడ్డిది ఇంకో తీరు. పోచ చక్రానికీ ఫ్రేముకీ మధ్య దూరి, ఇరుసు చుట్టూ తాడులా బిగుసుకుంటుంది. కొబ్బరి ఒలిచే చోట్ల రోడ్డు మీద పడే పీచు మరీ మొండిది. చేత్తో లాగితే రాదు, ఇరుసు బోల్టు విప్పి చక్రం బయటికి తీసి, పిన్నుతో లాగాలి. రేసు మధ్యలో ఆ పని ఎవరు చేస్తారు? ఇక నాట్ల రోజుల్లో కేజ్‌వీల్స్ (బురదలో దున్నే ఇనుప చక్రాలు) ఉన్న ట్రాక్టర్లు పొలంలోంచి రోడ్డెక్కితే తారు మీద వరసగా గాట్లు పడతాయి, వెనక రేగడి ముద్దలు రాలతాయి. ఆ ముద్ద ఎండితే రాయి, తడిస్తే సబ్బు.

కాబట్టి రేసును దాళ్వా నాట్లు అయిపోయాక, కోతలు మొదలవకముందు పెట్టండి. ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి మొదటి వారం దాకా సరైన సమయం. అందులోనూ శివరాత్రికి కోటిపల్లి వైపు, భీష్మ ఏకాదశికి అంతర్వేది వైపు రోడ్లు జనంతో నిండి ఉంటాయి, ఆ రోజులు వదిలేయాలి. ఇంటర్, పదో తరగతి పరీక్షల తేదీలు కూడా చూసుకోవాలి, స్కేటర్లలో సగానికి పైగా బడి, కాలేజీ పిల్లలే.

ఊడ్చడం రెండుసార్లు జరగాలి. ముందురోజు సాయంత్రం ఒకసారి, రేసు రోజు వెలుతురు వచ్చాక ఒకసారి. యంత్రం ఉంటే మంచిదే. లేకపోతే కొబ్బరి ఈనెల చీపుర్లతో కిలోమీటరుకు నలుగురైదుగురు చాలు. మధ్యలోంచి అంచుకు ఊడవాలి, అంచున కుప్ప చేసి వదలకుండా ఎత్తి బయట పోయాలి. ఇసుక లారీలు తిరిగే మలుపుల దగ్గర, చేపలు, రొయ్యల లారీల నీళ్లు కారిన చోట్ల మరింత శ్రద్ధ కావాలి. ఆ మరకలను నీళ్లతో కడిగి వదిలేయకండి, ఆరే టైము ఉందో లేదో చూసుకోండి. ఊడ్చేవాళ్లకు కూలీ రేసు బడ్జెట్‌లో ముందే రాసి పెట్టాలి. పారిశుద్ధ్య కార్మికుల చేత ఆదివారం వెట్టి పనిగా చేయించకూడదు.

3. వేళ. పరుగు పోటీలు తెల్లవారుజామున 5 గంటలకు మొదలవుతాయి కాబట్టి స్కేటింగ్ కూడా అప్పుడే పెడదామంటున్నారు. పరుగెత్తేవాళ్లకు చల్లగా ఉంటే చాలు. స్కేటర్‌కు పొడి రోడ్డు కావాలి. కాలవల పక్కన చలికాలపు పొద్దుల్లో మంచు పట్టి తారు చెమ్మగా ఉంటుంది. కొబ్బరి నీడన ఆ తడి ఆలస్యంగా ఆరుతుంది. తడి తారు మీద పాలీయురెథేన్ జారుతుంది. రోడ్డు మీద వేసే తెల్ల గీతల మీదైతే గాజు మీద నడిచినట్టే. చూడటం ఎలాగంటే, అరచేతిని రోడ్డుకు గట్టిగా రాయండి. చెయ్యి చెమ్మగా, నల్లగా వస్తే రేసు మొదలు పెట్టకూడదు. సూర్యోదయం అయ్యాక, రూటు మీద నీడ ఎక్కువున్న మూడు చోట్ల ఇలా చూసి, అప్పుడే గన్ పేల్చాలి. ఫిబ్రవరి చివర అయితే ఉదయం 7 గంటలు సరిపోతుంది. ఆరకపోతే అరగంట వెనక్కి జరిపే అధికారం ఒక్కరి చేతిలో, రాతపూర్వకంగా ఉండాలి. ముఖ్య అతిథి రావడం ఆలస్యమైందని ఎండెక్కేదాకా పిల్లల్ని నిలబెట్టడం, ఆయన వచ్చేశారు కాబట్టి తడి మీదే వదలడం, రెండూ జరగకూడదు.

4. రూటు ఆకారం. ఒక ఊరి నుంచి 21 కిలోమీటర్లు పోయి అదే దారిలో వెనక్కి రమ్మంటే కాగితం మీద తేలిక. 7 మీటర్ల రోడ్డు మీద కోన్ చుట్టూ వెనక్కి తిరగాలంటే ఎంత వేగంతో వచ్చినా నడక వేగానికి తగ్గాలి, వెనకాల గుంపు వచ్చి గుద్దుకుంటుంది. పైగా ఎదురెదురుగా రెండు గుంపులు. దానికి బదులు 10.55 కిలోమీటర్ల చుట్టు ఒకటి చూసుకుని నాలుగుసార్లు తిప్పండి, 42.2 అవుతుంది. మూయాల్సిన రోడ్డు సగమవుతుంది, ఊడ్చే రోడ్డు సగమవుతుంది, అంబులెన్స్ ఎక్కడికైనా త్వరగా చేరుతుంది. చుట్టు గడియారానికి ఎదురు దిశలో, అన్నీ ఎడమ మలుపులుగా ఉండాలి. రింకుల్లో (స్కేటింగ్ మైదానాల్లో) పిల్లలు ఎడమకే తిరిగి సాధన చేస్తారు. కుడి మలుపులో కాలు మీద కాలు వేసి తిరగడం చాలామందికి సరిగా రాదు.

వెడల్పు సంగతి. ఒక స్కేటర్ పూర్తిగా కాలు చాపి తోస్తే దాదాపు రెండు మీటర్ల జాగా పడుతుంది. 3.75 మీటర్ల సింగిల్ రోడ్డులో ఇద్దరు పక్కపక్కన పోతే మూడోవాడు దాటలేడు. స్టార్ట్, ఫినిష్ దగ్గర కనీసం 7 మీటర్ల రోడ్డు కావాలి. అందర్నీ ఒకేసారి వదలకుండా, ఎంత టైములో ముగించగలరో అడిగి వేగాన్ని బట్టి యాభై మంది చొప్పున, రెండు నిమిషాల తేడాతో వదలండి. ఫినిష్ గీత దాటాక 150 నుంచి 200 మీటర్లు ఖాళీ రోడ్డు ఉండాలి. చివరి పరుగులో 45 కిలోమీటర్ల వేగంతో గీత దాటినవాళ్లకు షామియానా, కుర్చీలు, పూలదండలు పట్టుకున్న జనం ఎదురైతే ఎవరు ఎవరిని ఆపగలరు?

16వ నంబరు, 216వ నంబరు జాతీయ రహదారుల మీద రేసు వద్దు. వాటిని మూయడం జనానికి కష్టం, మూయకపోవడం స్కేటర్లకు ప్రమాదం. రూటు యానాంలోకి కొంచెం పోయినా అది పుదుచ్చేరి పరిధి. అక్కడి పోలీసుల అనుమతి విడిగా తీసుకోవాలి. ఆఖరి రోజున గుర్తొచ్చే విషయం ఇది.

5. స్పీడ్ బ్రేకర్లు, వంతెనలు, రైల్వే గేట్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున, మెల్లగా లేచి మెల్లగా దిగాలి. అలాంటిదైతే స్కేటర్ మోకాళ్లు వంచి దాటేస్తాడు. ఊళ్లలో రాత్రికి రాత్రి వేసుకున్న సన్నటి సిమెంటు దిమ్మలు అలా కావు, మొదటి చక్రం వాటికి కొట్టుకుని ఆగిపోతుంది. వాటిని తీసేయమని ఊరివాళ్లను అడిగితే పిల్లల్ని బండ్లు గుద్దుతాయని భయపడతారు, ఆ భయం న్యాయమైనదే. అందుకే అలాంటి దిమ్మలు లేని రూటు చూడండి, తప్పకపోతే సరైన కొలతలో మార్చి వేయండి. బండి వేగం తగ్గించడానికి వరసగా వేసే సన్నటి గట్లు, రంబుల్ స్ట్రిప్స్ కూడా అంతే. వంతెనల మీద ఎక్స్‌పాన్షన్ జాయింట్ల (దిమ్మెల మధ్య వదిలే అతుకుల) సందులను, ఉంటే రైలు పట్టాలను, పొట్టి నూలున్న గట్టి కార్పెట్‌తో కప్పి నాలుగు అంచులూ బిగించాలి. మన కోనసీమ కొబ్బరిపీచు చాపలు వాడదామనిపిస్తుంది గానీ వద్దు, ఆ పీచే మళ్లీ ఇరుసుకు చుట్టుకుంటుంది. గోదావరి పాయల మీది పెద్ద వంతెనలపై పక్కగాలి తోస్తుంది, కాబట్టి అక్కడ ఒకరినొకరు దాటుకుపోవడం నిషేధించడం మంచిది.

6. కాలవ. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కాలవలకు ఈ గట్లు వేసింది నీళ్ల కోసం, పడవల కోసం. రోడ్లు తర్వాత వాటి మీదికి వచ్చాయి. చాలాచోట్ల రెయిలింగ్ లేదు. కాలవలో పడ్డ స్కేటర్ కాళ్లకు బూట్లు లేసులతో, పట్టీలతో బిగించి ఉంటాయి. నీళ్లలో వాటిని విప్పడం దాదాపు అసాధ్యం, చక్రాలున్న కాళ్లతో గట్టుకు ఎగబాకడమూ కష్టమే. ఈత వచ్చినవాడైనా మునుగుతాడు. మేము ఈ లేఖలో అడిగే వాటన్నింటిలో ఇది మొదటిది అనుకోండి. కాలవ వైపు తిరిగే ప్రతి మలుపులో వెదురు బొంగులతో నడుమెత్తు కంచె, దానికి కట్టిన గోనె సంచులు ఉండాలి. గట్టు వెంబడి ప్రతి 300 మీటర్లకు గాలి నింపిన లారీ ట్యూబు, 15 మీటర్ల తాడు, ఈత వచ్చిన మనిషి ఉండాలి. ఆ మనిషి దగ్గర లేసు కోయడానికి కత్తెర ఉండాలి. ఇవేమీ ఖరీదైనవి కావు.

7. రోడ్డు మూసినప్పుడు జనం సంగతి. రేసును తిట్టుకుంటూ చూసే ఊళ్లో రేసు సాగదు. ఏ ఊరి మనిషికి ఏ ఇబ్బంది వస్తుందో ముందే కూర్చుని రాసుకోవాలి. రొయ్యల చెరువు పట్టుబడి మొదలుపెట్టాక సరుకు ఐసులో పెట్టి లారీ ఎక్కించాల్సిందే, రెండు గంటలు ఆగితే రైతు నష్టపోతాడు. పాలు పోసేవాళ్లు, పూలు, కూరలు పట్నం తీసుకెళ్లేవాళ్లు ఉదయం పూటే పోతారు. డయాలసిస్‌కు వెళ్లేవాళ్ల టైము మారదు. చావూ పురుడూ రేసు చూసుకుని రావు.

రేసుకు 2 గంటల 30 నిమిషాల గడువు పెడితే సగటు వేగం గంటకు 17 కిలోమీటర్లు, అది మామూలు స్కేటర్‌కు అందేదే. ముందు అరగంట, వెనక అరగంట కలిపి రోడ్డు మూడున్నర గంటలు మూస్తే చాలు. ఆ టైము పక్కాగా చెప్పాలి, పక్కాగా తెరవాలి. 15 రోజుల ముందు దండోరా వేయించాలి, పంచాయతీ మైకులో చెప్పించాలి, రూటు మీద ప్రతి ఇంటికీ కాగితం అందాలి. ప్రతి కిలోమీటరుకు ఒక దాటే చోటు పెట్టి, ఈల, ఎర్ర జెండా ఉన్న ఇద్దర్ని నిలబెట్టాలి. గుంపు పోయాక ఖాళీ చూసి జనాన్ని దాటించవచ్చు. గుంపుకు గుంపుకు మధ్య నిమిషాల కొద్దీ ఖాళీ ఉంటుంది. అంబులెన్స్ ఎప్పుడైనా లోపలికి రావచ్చు, రేసు పోయే దిశలోనే రావాలి, ఎదురు రాకూడదు. కుక్కలు, గేదెలు ఉన్న ఇళ్లవాళ్లను పేరుపేరునా అడిగి ఆ మూడున్నర గంటలు కట్టేయించాలి. సగం మూసిన రోడ్డు మాకు వద్దు. ఒకపక్క ఆటోలు పోతుంటే ఇంకోపక్క రేసు పెట్టడం కంటే ఆ ఏడాది మానేయడం నయం. ముందు పోయే పైలట్ బండి గుంపుకు కనీసం 50 మీటర్ల దూరంలో ఉండాలి. వీడియో కోసం గుంపు పక్కన బైకులు నడపనివ్వకండి.

8. నీళ్లు, వైద్యం. స్కేటర్ ఆగి నీళ్లు తాగడు. చిన్న సీసాను చేయి చాపి పట్టుకున్న వాలంటీర్ దగ్గర అందుకుని పోతాడు. ప్లాస్టిక్ కప్పులు, నీళ్ల ప్యాకెట్లు వద్దే వద్దు. కాలి కింద పడ్డ ఒక ప్యాకెట్ చాలు గుంపంతా కూలడానికి. సీసాలు పారేయడానికి నీళ్ల చోటు దాటాక 200 మీటర్ల మేర కుడి అంచున వలలు కట్టండి. మన గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఒంట్లో ఉప్పు పోతుంది. ఓఆర్ఎస్ కలిపిన నీళ్లు, సీసాల్లో పోసిన కొబ్బరి నీళ్లు ఉంచండి. నీళ్ల చోటు తిన్నని రోడ్డు మీదే ఉండాలి, మలుపులో కాదు.

ఎక్కువగా తగిలేవి తోలు గీరుకుపోయిన గాయాలు, మణికట్టు, భుజం ఎముకల విరుగుళ్లు. గీరుకుపోయిన చోట ఇసుక, తారు ముక్కలు మిగలకుండా సెలైన్‌తో కడగాలి. కాఫీ పొడి, పసుపు అద్దకూడదు, తర్వాత డాక్టరు దాన్నంతా మళ్లీ గీకి తీయాలి. తల తగిలినవాడు "బాగానే ఉన్నాను" అన్నా మళ్లీ రేసులోకి పంపకూడదు. చీలిన హెల్మెట్ తీసి పక్కన పెట్టేయాలి. 10 కిలోమీటర్ల చుట్టుకు రెండు అంబులెన్సులు, ఎముకల డాక్టరు ఉన్న ఆసుపత్రికి ముందే కబురు, ఇవి లేకుండా అనుమతి ఇవ్వకండి.

9. మా వైపు నుంచి. అడగడమే కాదు, మా పిల్లల్ని తయారు చేసి పంపే బాధ్యత మాది. అయితే దాన్ని తనిఖీ చేసే పద్ధతి నిర్వాహకులు పెట్టాలి. రేసుకు ముందురోజు ప్రతి జత స్కేట్లూ చూడాలి. 4 మి.మీ. ఎల్ కీతో ఇరుసు బోల్టులన్నీ బిగుసుకుని ఉన్నాయా, చక్రం పక్కకు ఊగుతోందా, చేత్తో తిప్పితే గరగరమంటోందా. నాలుగు చక్రాల స్కేట్ల జతలో 16 బేరింగులుంటాయి, ఒక్కటి పట్టేసినా ఆ కాలు వెనకబడుతుంది. సముద్రానికి దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి బేరింగులు త్వరగా తుప్పు పడతాయి. వాటిని విప్పి కిరోసిన్‌లో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఒక చుక్క నూనె వేయాలి. ఎక్కువ వేస్తే దుమ్ము పట్టి మళ్లీ మొదటికొస్తుంది. చక్రాల లోపలి అంచు ముందు అరుగుతుంది, కాబట్టి ఒకటో చక్రాన్ని మూడో చోటుకు, రెండోదాన్ని నాలుగో చోటుకు, కుడి ఎడమలు మార్చి, అరిగిన వైపు బయటికి తిప్పి పెట్టుకోవాలి. రేసు రోజున కొత్త బూట్లు, కొత్త చక్రాలు వేసుకోనివ్వకండి.

ఆగే పరీక్ష కూడా పెట్టండి. గంటకు 20 కిలోమీటర్ల వేగం నుంచి 15 మీటర్లలో ఆగలేనివాళ్లను 42 కిలోమీటర్లకు తీసుకోవద్దు. పిల్లలకు 5, 10 కిలోమీటర్లు, కాస్త అనుభవమున్నవాళ్లకు 21 కిలోమీటర్లు విడిగా ఉండాలి. ఎక్కువమంది పేర్లు వచ్చాయని చూపించుకోవడానికి పన్నెండేళ్ల పిల్లల్ని పెద్దల గుంపులో కలపకండి. వరసలో పోవడం రానివాళ్లు వెనకే పోవాలి. ముందువాడు గుంట చూస్తే చెయ్యి చూపించి "గుంట!" అని అరవాలి, వెనక ఒకరి తర్వాత ఒకరు అదే మాట అందించాలి. ఇది నేర్పడం కోచ్‌ల పని, మేము చేస్తాం.

రేసు తేదీకి 45 రోజుల ముందు రూటు మ్యాపు, రోడ్డు మరమ్మతుల జాబితా, మూసే వేళలు, ఊడ్చే మనుషుల ఏర్పాటు, కాలవ రక్షణ ఏర్పాటు, వైద్య ఏర్పాటు రాతపూర్వకంగా అందరికీ కనిపించేలా పెట్టాలని కోరుతున్నాం. అందులో ఏది లేకపోయినా మేము పిల్లల పేర్లు ఇవ్వం. 21 రోజుల ముందు పగుళ్లు పూడ్చిన రోడ్డు మీద ఒక స్కేటర్ ముందు పోయి, సరిగా లేని ప్రతి చోటా పసుపు రంగుతో సున్నా చుట్టాలి. ఆ సున్నాలన్నీ సరిచేశాకే అనుమతి పత్రం మీద సంతకం పడాలి.

దీనికి మీకు పట్టేది ఒక ఆదివారం ఉదయం. రూటు ఖరారు చేసే ఇంజనీరు గారు, పోలీసు అధికారి, నిర్వాహకుల్లో ఒకరు మాతో నడిచి రండి. కారు వద్దు, 10 కిలోమీటర్లే కదా. టేపు, రంగు డబ్బా, చీపుర్లు మేమే తెస్తాం. తేదీ మీరు చెప్పండి.

ఇట్లు,
గోదావరి డెల్టా స్కేటర్లు, కోచ్‌లు, తల్లిదండ్రులు